సారాపై పన్ను, సంక్షేమానికి సొమ్ము: ఈ లెక్క కుదురుతుందా?

ఒక మంచి పనికి డబ్బు కావాలి. ఖజానాలో చాలినంత లేదు. అప్పుడు ఏ ప్రభుత్వానికైనా సులువుగా తోచే దారి ఒకటుంది. జనం మెచ్చని పరిశ్రమనో, లాభాలు బాగా గడిస్తున్న పరిశ్రమనో చూసుకుని, దానిమీద పన్ను వేసి, ఆ సొమ్మును ఆ మంచి పనికి మళ్ళించడం. మద్యం మీద పన్ను పిల్లల చదువుకు, సిగరెట్టు మీద పన్ను ఆసుపత్రులకు, బొగ్గు మీద పన్ను సౌరవిద్యుత్తుకు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మన సంఘాల్లో కూడా ఈ మాటకు తల ఊపేవారే ఎక్కువ. "తాగేవాడు ఎలాగూ తాగుతాడు, ఆ డబ్బేదో పేద పిల్లల చదువుకు పోతే మంచిదేగా" అని మనమూ అనుకుంటాం.

నెల్లూరు తీరంలో ఉన్న మనకు ఇది పుస్తకాల్లో చదువుకునే ప్రశ్న కాదు. ఇందుకూరుపేట మొదలుకొని ఈ జిల్లాలో ఏ పల్లెకు వెళ్ళినా, సారా ఉద్యమంలో నడిచిన ఆడవాళ్ళు ఇప్పుడు అమ్మమ్మలుగా, నానమ్మలుగా కనిపిస్తారు. సారా పన్నుతో నడిచే సంక్షేమం ఎలా ఉంటుందో వాళ్ళు వంటింట్లో చూశారు. అందుకే ఈ వారం ఈ ప్రశ్నను కాస్త నిదానంగా పరిశీలిద్దాం. ఒక పరిశ్రమ మీద పన్ను వేసి మరొక పనికి ఖర్చు చేయడం ఆర్థికంగా అర్థమున్న పనేనా? ఎప్పుడు అవును, ఎప్పుడు కాదు?

పన్నుకు రెండు పనులు

ప్రభుత్వం పన్ను వేయడానికి రెండు కారణాలుంటాయి. మొదటిది డబ్బు కోసం. రోడ్లు వేయాలి, బడులు నడపాలి, జీతాలివ్వాలి. రెండోది నడవడి మార్చడం కోసం. ఒక వస్తువు తయారీవల్లనో వాడకంవల్లనో పక్కవారికి నష్టం జరుగుతుంటే, ఆ నష్టం దాని ధరలో కనబడదు. తాగినవాడు సీసా ధర ఇస్తాడు గాని, దెబ్బలు తిన్న భార్య బాధకు, చదువు మానేసిన కొడుకు భవిష్యత్తుకు, రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషి ప్రాణానికి ధర ఇవ్వడు. ఆ కనబడని నష్టాన్ని పన్ను రూపంలో ధరలో కలిపితే, వాడేవాడు కొంత తగ్గిస్తాడు. ఆర్థర్ పిగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1920లో వెలువరించిన గ్రంథంలో ఈ వాదాన్ని వివరంగా చెప్పాడు. ఆయన పేరుతోనే అలాంటి పన్నులను ఈనాటికీ పిలుస్తున్నారు.

ఈ రెండు కారణాలూ విడివిడిగా మంచివే. చిక్కల్లా రెంటినీ ఒకే పన్నుకు కట్టినప్పుడే వస్తుంది. నడవడి మార్చడానికి వేసిన పన్ను గెలిస్తే, వాడకం తగ్గుతుంది. వాడకం తగ్గితే ఆదాయమూ తగ్గుతుంది. ఆ ఆదాయం మీద ఒక బడినో, ఒక పథకాన్నో ఆధారపెట్టి ఉంటే అది కుంటుబడుతుంది. అలా కాకుండా ఆదాయం ఏటేటా పెరుగుతోందంటే, నడవడి మార్చాలన్న లక్ష్యం ఓడిపోయిందన్నమాట. ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనుకుంటాం గాని, ఈ రెండు పిట్టలూ ఎదురెదురు దిక్కులకు ఎగిరేవి.

బ్రిటన్‌లో జరిగింది చూడండి. చక్కెర ఎక్కువగా ఉండే కూల్‌డ్రింకుల మీద అక్కడ 2018 ఏప్రిల్ నుంచి ప్రత్యేక సుంకం వేశారు. ఆ డబ్బును బడిపిల్లల ఆటలకు, ఆరోగ్యానికి ఖర్చు చేస్తామన్నారు. ఏడాదికి దాదాపు 52 కోట్ల పౌండ్లు వస్తాయని మొదట అంచనా వేశారు. కంపెనీలు సుంకం తప్పించుకోవడానికి పానీయాల్లో చక్కెర తగ్గించేశాయి. మొదటి సంవత్సరం దాదాపు 24 కోట్ల పౌండ్లే వచ్చాయి. పిల్లల ఆరోగ్యం కోణంలో ఇది విజయం. బడుల ఆటస్థలాల కోణంలో చూస్తే లోటు. అక్కడ ఏ లక్ష్యం ముఖ్యమో ముందే స్పష్టంగా ఉంది గనుక ఆ లోటును ఎవరూ ఓటమి అనుకోలేదు. అంత స్పష్టత మన దగ్గర ఉందా అన్నదే ప్రశ్న.

మన జిల్లా చెప్పిన పాఠం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్సైజ్ ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లకు చేరింది. మధ్యలో పెరిగిన ధరలను లెక్కలోకి తీసుకున్నా ఇది చాలా పెద్ద పెరుగుదల. ఇది తనంతట తాను జరిగింది కాదు. 1980లలో వారుణివాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో సరఫరా చేసింది. వేలంపాటలో దుకాణం దక్కించుకున్న కాంట్రాక్టరు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి గనుక, ప్యాకెట్లు పనిస్థలాలకూ ఇళ్ళ గుమ్మాలకూ చేరాయి. అదే దశాబ్దంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం కూడా వచ్చింది. ఒక చేత్తో బియ్యం ఇచ్చి మరో చేత్తో కూలి డబ్బులు లాక్కుంటున్నారన్న విమర్శ అప్పట్లోనే గట్టిగా వినబడింది.

ఆ లెక్కను మొదట పట్టుకున్నది ఆర్థికవేత్తలు కాదు, అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు. అక్షరాస్యతా కార్యక్రమం పాఠాల్లో తాగుడువల్ల చితికిపోయిన ఒక కుటుంబం కథ ఉంది. అది చదివి, చర్చించి, దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా దుకాణం ఉండకూడదని నిలబడ్డారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా పాకింది. నెల్లూరులో సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఆ తర్వాతి కథ కూడా మనం దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. నిషేధంతో ఖజానాకు పెద్ద గండి పడింది. రెండు రూపాయల బియ్యం 1996లో మూడున్నర రూపాయలైంది. విద్యుత్ చార్జీలు పెరిగాయి. పొరుగు రాష్ట్రాలనుంచి మద్యం దొంగచాటుగా వచ్చింది. గుడుంబా బట్టీలు వెలిశాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేశారు, సారాపై నిషేధం మాత్రం మిగిలింది.

ఈ ఎత్తివేతకు పాలకుల మనసు బలహీనమనో, మద్యం వ్యాపారుల ఒత్తిడి అనో చాలామంది చెబుతారు. అవి ఎంత నిజమైనా, వాటి కింద ఒక ఆర్థిక కారణం ఉంది. ఇరవై ఏళ్ళుగా మద్యం ఆదాయాన్ని పెంచుకుంటూ పోయి, దాని మీద శాశ్వతమైన ఖర్చులను నిలబెట్టారు. స్తంభం తీసేయాలంటే ముందు పైకప్పుకు వేరే ఆధారం చూడాలి. అది చూడకుండా స్తంభం లాగారు. కప్పు కుంగగానే మళ్ళీ అదే స్తంభాన్ని తెచ్చి పెట్టారు.

అసలు పన్ను ఎవరు కడుతున్నారు?

"మద్యం పరిశ్రమ మీద పన్ను" అన్నప్పుడు మన కళ్ళముందు ఫ్యాక్టరీ యజమాని కనబడతాడు. చట్టం ప్రకారం పన్ను జమచేసేది ఆయనో, దుకాణదారో కావచ్చు. ఆ బరువును చివరికి ఎవరు మోస్తారన్నది వేరే ప్రశ్న. ధర పెరిగినా కొనడం మానని వస్తువైతే, బరువంతా కొనేవాడి మీదే పడుతుంది. అలవాటు పడినవాడికి మద్యం అలాంటి వస్తువే. ధర పది శాతం పెరిగితే వాడకం తగ్గుతుంది, కాని పది శాతం తగ్గదు. అందుకే ధర పెంచినప్పుడల్లా ప్రభుత్వానికి ఆదాయం పెరుగుతుంది. ఆ పెరిగిన డబ్బు ఆ ఇంట్లో మరేదో ఖర్చునుంచి తెగి రావాలి. బియ్యంనుంచో, మందులనుంచో, బడి ఫీజునుంచో.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. అంకెలు మనం ఊహించుకున్నవే, పద్ధతి అర్థం కావడానికి మాత్రమే. ఒక కూలి మనిషి రోజుకు 150 రూపాయలు మద్యానికి ఖర్చు చేస్తాడు, నెలకు 25 రోజులు. నెలకు 3,750 రూపాయలు, ఏడాదికి 45,000. అందులో మూడింట రెండు వంతులు పన్ను అనుకుంటే, ఆ ఇంటినుంచి ఖజానాకు ఏడాదికి 30,000 రూపాయలు వెళ్ళాయి. అదే ఇంటి తల్లి ఖాతాలో పిల్లవాడి చదువుకోసమని 15,000 రూపాయలు పడ్డాయి. ఆమె సంతోషించింది, సంతోషించవలసిందే. కాని ప్రభుత్వం ఆమెకు ఇచ్చినదానికి రెట్టింపు ఆమె ఇంటినుంచే తీసుకుంది. మిగిలిన 15,000 పక్కింటి పిల్లవాడి చదువుకు పోయిందని అనుకున్నా, ఒక పేద ఇంటి సొమ్ము మరో పేద ఇంటికి చేరిందే తప్ప, ఉన్నవారినుంచి లేనివారికి చేరలేదు.

నెలకు లక్ష రూపాయలు సంపాదించే మనిషి కూడా రోజూ రెండు వందల రూపాయల పన్ను కట్టే మద్యం తాగవచ్చు. అది అతని సంపాదనలో ఆరు శాతం. పదిహేను వేలు సంపాదించే కూలి కట్టే పన్ను నెలకు 2,500, అంటే అతని సంపాదనలో పదహారు శాతానికి పైమాటే. పన్ను మోసే శక్తి ఎవరికి తక్కువో వారి మీదే ఎక్కువ పడే పన్ను ఇది. దీన్ని సంక్షేమానికి ఆధారం చేయడమంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. దానం చేసిన పేరు ఒకరిది, సొమ్ము మరొకరిది.

ఇటీవలి అనుభవం

ఈ సమస్య పాతది మాత్రమే కాదు. 2019లో దశలవారీ మద్యనిషేధం మాట మీద కొత్త ప్రభుత్వం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరునుంచి దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. దుకాణాల సంఖ్య తగ్గించింది. 2020 మేలో రెండు రోజుల్లో ధరలను మొత్తం 75 శాతం పెంచింది. తాగుడు తగ్గించడానికే ఈ ధరలని చెప్పింది. అది పిగూ చెప్పిన దారి. కాని 2021లో చట్టం సవరించి, మద్యం అమ్మే బేవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మ ఒడి, ఆసరా, చేయూత వంటి పథకాల బాధ్యతను జోడించారు. 2022లో ఆ కార్పొరేషన్ బాండ్ల ద్వారా 8 వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. బాండు అంటే రాబోయే సంవత్సరాల ఆదాయాన్ని ముందే వాడుకోవడం. మద్యం ఆదాయం మీద అప్పు తెచ్చినవాడు, ఆ అప్పు తీరేదాకా మద్యం అమ్ముడుపోవాలని కోరుకోక తప్పదు. అటు నిషేధం వాగ్దానం, ఇటు అమ్మకం మీద అప్పు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండలేవు.

2024లో ప్రభుత్వం మారింది. విధానమూ మారింది. ఆ అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీ పద్ధతిలో ప్రైవేటువారికి ఇచ్చారు. 99 రూపాయలకు క్వార్టర్ సీసా అందుబాటులోకి తెచ్చారు. పద్ధతి తలకిందులైంది గాని ఆధారపడటం పోలేదు. ఏ పార్టీ ఉన్నా ఇది ఇలాగే ఎందుకు సాగుతోంది? 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక, రాష్ట్రాలు తమంతట తాము రేట్లు మార్చుకోగల పన్నులు కొన్నే మిగిలాయి. మద్యం, పెట్రోలు, డీజిలు, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. డబ్బు అవసరమైనప్పుడల్లా చేయి అటే వెళ్తుంది. ఇది ఒకరిద్దరి తప్పు కాదు. పన్నుల నిర్మాణమే అటు తోస్తోంది.

"ఫలానా పనికే" అన్న కేటాయింపు నిలుస్తుందా?

"ఈ పన్ను చదువుకే ఖర్చు పెడతాం" అన్న మాటను మన సంఘం లెక్కల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మందిరం పైకప్పు బాగుచేయడానికి కమిటీ ఈ సంవత్సరం లక్ష రూపాయలు పక్కన పెట్టుకుంది. ఒక విశ్వాసి వచ్చి, "ఇది పైకప్పుకే వాడండి" అని లక్ష రూపాయల కానుక ఇచ్చాడు. కమిటీ ఆ లక్షను పైకప్పుకే వాడింది, మాట తప్పలేదు. తాను ముందే పక్కన పెట్టిన లక్షను మైకు సెట్టుకు మళ్ళించింది. పుస్తకంలో కానుక పైకప్పుకే వెళ్ళింది. వాస్తవంలో ఆ కానుకవల్ల వచ్చింది మైకు సెట్టు. డబ్బుకు ముఖం ఉండదు. ఒక జేబులో వేసింది మరో జేబును ఖాళీగా ఉంచుకోనిస్తుంది.

ప్రభుత్వాల్లో కూడా ఇదే జరుగుతుంది. బ్రిటన్ 1920లో వాహనాల పన్ను రోడ్లకే అని రోడ్ ఫండ్ ఏర్పాటు చేసింది. కొన్నేళ్ళకే, 1926లో, ఆర్థికమంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ ఆ నిధిలోని డబ్బును సాధారణ ఖర్చులకు మళ్ళించాడు. మన దేశంలో 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్ వేశారు. శుభ్రమైన ఇంధనాల కోసం ఒక నిధి పెట్టారు. 2016 నాటికి ఆ సెస్ టన్నుకు 400 రూపాయలైంది. మన పక్కనున్న కృష్ణపట్నం రేవులో దిగే బొగ్గు కూడా ఆ సెస్ కట్టింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అదే 400 రూపాయలు రాష్ట్రాల నష్టపరిహారపు సెస్‌గా మారిపోయింది. పన్ను కట్టేవాడికి ఏమీ తేడా తెలియలేదు. సౌరవిద్యుత్తు పేరు మాత్రం దానిమీదనుంచి తుడిచిపెట్టుకుపోయింది.

దీనికి ఎదురుదోషం కూడా ఉంది. డబ్బు మళ్ళించకుండా కట్టడి చేస్తే, కొన్నిచోట్ల అది ఖర్చే కాకుండా మూలుగుతుంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం ప్రకారం నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్ వసూలు చేస్తూ వచ్చారు. వేల కోట్లు వసూలై కూడా కార్మికులకు చేరకుండా ఉన్నాయని సుప్రీంకోర్టు 2018లో ప్రభుత్వాలను గట్టిగా మందలించింది. తాపీ పని చేసే మన సంఘ సభ్యులకు ఆ సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చన్న సంగతే తెలియని సందర్భాలు ఎన్నో. గిరిగీసిన నిధికి ఇదొక రోగం. అవసరం ఉన్నచోట డబ్బు లేక, డబ్బు ఉన్నచోట అడిగేవారు లేక పోతుంది.

ఎక్కడ అర్థముంది?

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి ఇలాంటి పన్నులన్నీ తప్పు అనుకోకూడదు. నష్టం చేసిన పరిశ్రమనుంచి తీసుకుని, ఆ నష్టం పడినవారికే ఇవ్వడంలో ఆర్థికంగానూ న్యాయపరంగానూ బలమైన అర్థముంది.

ఇందుకూరుపేటనుంచి మైపాడు తీరం వైపు వెళ్తే రొయ్యల చెరువులు కనబడతాయి. వేలమందికి పని ఇచ్చిన పరిశ్రమ అది, విదేశీ మారకం తెచ్చే పరిశ్రమ కూడా. ఉప్పునీరు పక్క పొలంలోకి ఊరితే వరి పండదు, బావినీళ్ళు ఉప్పబడతాయి. ఆ నష్టం రొయ్య ధరలో ఉండదు. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద తీర్పు ఇస్తూ, కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని ఎత్తిపట్టింది. చెరువుల యజమానులనుంచి రాబట్టిన పరిహారాన్ని పర్యావరణ రక్షణ నిధిగా ప్రత్యేకంగా జమచేసి, నష్టపోయినవారికి, చెడిన నేలను నీటిని బాగుచేయడానికి వాడాలని చెప్పింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, చెరువులు రిజిస్ట్రేషన్ కింద సాగే దారి ఏర్పడింది. తీర్పు ఎంతవరకు అమలైందన్న చర్చ వేరు. అందులోని సూత్రం మాత్రం సరైనది. ఎందుకంటే ఇందులో ఆదాయానికీ ఖర్చుకూ నడుమ సహజమైన ముడి ఉంది. కాలుష్యం పెరిగితే నిధి పెరుగుతుంది, అప్పుడే అవసరమూ పెరుగుతుంది. కాలుష్యం తగ్గితే నిధి తగ్గుతుంది, అప్పుడు అవసరమూ తగ్గుతుంది. ఎవరూ కాలుష్యం కొనసాగాలని కోరుకోనక్కరలేదు.

గనుల విషయంలోనూ ఇదే ఆలోచన. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. పాత లీజులనుంచి రాయల్టీలో 30 శాతం, కొత్త వేలం లీజులనుంచి 10 శాతం తీసుకుని గనులవల్ల దెబ్బతిన్న ఊళ్ళకే ఖర్చు చేయాలన్నారు. బీడీ కార్మికుల సంక్షేమ సెస్ కూడా 1976 చట్టంతో వచ్చింది. బీడీ చుట్టే ఆడవాళ్ళ వైద్యానికి, ఇళ్ళకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు బీడీ అమ్మకంనుంచే డబ్బు వచ్చేది. 2017లో జీఎస్టీతో ఆ సెస్ పోయింది. ఆ పథకాలకు ఇప్పుడు సాధారణ బడ్జెట్టే దిక్కు. తన పనివాళ్ళ ఊపిరితిత్తుల ఖర్చును ఆ పరిశ్రమే మోయడంలో ఒక న్యాయం ఉండేది.

మద్యానికి కూడా ఇదే కొలత పెడితే ఏమవుతుంది? మద్యం పన్నులో కొంత భాగం మాన్పించే కేంద్రాలకు, కాలేయ రోగుల వైద్యానికి, తాగుడువల్ల దెబ్బతిన్న కుటుంబాల ఆసరాకు కచ్చితంగా వెళ్ళాలంటే అందులో అర్థముంది. తాగుడు తగ్గితే ఆ ఖర్చూ తగ్గుతుంది. పిల్లల చదువు అలా కాదు. ఊరంతా తాగుడు మానేసినా పిల్లలు బడికి వెళ్ళాలి, పైగా మరింతమంది వెళ్తారు. అలాంటి ఖర్చు విస్తారమైన, నిలకడైన ఆదాయం మీద నిలబడాలి గాని, తగ్గిపోవాలని మనం ప్రార్థించే ఆదాయం మీద కాదు.

మరొక రూపంలో ఇదే పన్ను

పన్ను అన్న పేరు లేకుండా కూడా ఒక రంగం సొమ్ము మరో రంగానికి వెళ్తుంది. కరెంటు బిల్లు అందుకు ఉదాహరణ. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆ ఖర్చులో కొంత ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తుంది. కొంత పరిశ్రమలు, వ్యాపారాల మీద అసలు ఖర్చుకన్న ఎక్కువ చార్జీ వేయడంద్వారా వస్తుంది. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. రైతుకు మేలే. కాని ఐసు ఫ్యాక్టరీకి, రైసు మిల్లుకు కరెంటు ఖరీదైతే, మత్స్యకారుడు కొనే ఐసు ధర, మిల్లు వాడు వడ్లకు ఇచ్చే ధర కూడా కదులుతాయి. చుట్టూ తిరిగి కొంత బరువు ఆ రైతు మీదకే వస్తుంది. 2003 విద్యుత్ చట్టం ఈ క్రాస్ సబ్సిడీని క్రమంగా తగ్గించుకుంటూ రావాలని చెప్పడానికి కారణమిదే. సాయం చేయదలచుకుంటే బడ్జెట్టులో బాహాటంగా చూపి చేయడం మేలు. అప్పుడు ఎంత ఇస్తున్నామో, ఎవరు మోస్తున్నారో అందరికీ తెలుస్తుంది.

ఎదుటివారి వాదన

మన వాదనకు బలమైన జవాబు ఒకటి ఉంది, దాన్ని వినాలి. "పన్ను తీసేస్తే మద్యం చవకై ఇంకా ఎక్కువ తాగుతారు. నిషేధిస్తే కల్తీసారా తాగి చస్తారు. కాబట్టి పన్ను వేసి మంచికి వాడటమే ఉన్నవాటిలో మెరుగు" అంటారు. ఇందులో నిజముంది. 2020లో ధరలు విపరీతంగా పెరిగి, లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతబడ్డ సమయంలో, మన పొరుగు ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ధర ఒక్కటే మనిషిని మార్చదని ఆ చావులు చెప్పాయి.

అందుకే మన మాట పన్ను తీసేయమని కాదు. మద్యం మీద పన్ను ఉండాలి, తగినంతగా ఉండాలి. రాజ్యాంగం 47వ అధికరణం కూడా మత్తుపానీయాలను నిషేధించే దిశగా రాజ్యం ప్రయత్నించాలని చెబుతోంది. మనం అడిగేది వేరు. ఆ ఆదాయాన్ని ఒక పథకానికి ప్రాణాధారం చేయవద్దు. దానిమీద అప్పు తేవద్దు. ఏ సంవత్సరమైనా అది తగ్గితే, "పథకం ఆగిపోతుంది" అని భయపెట్టే స్థితి రానివ్వవద్దు. తాగుడు తగ్గడం ప్రభుత్వానికి నష్టంగా కనబడే రోజున, తాగుడు తగ్గించే పని ఎవరూ మనస్ఫూర్తిగా చేయరు.

బడ్జెట్టును చదివేటప్పుడు

ఇకమీద ఇలాంటి పన్ను ప్రకటన విన్నప్పుడు, సంఘ కూటాల్లో చర్చించుకునేటప్పుడు, మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ పన్నును చివరికి మోసేది ఎవరు, పరిశ్రమ యజమానా, పేద కొనుగోలుదారా? పన్ను కట్టించిన నష్టానికీ, డబ్బు వెళ్ళే పనికీ సంబంధం ఉందా? ఈ పన్ను తన పని సరిగ్గా చేసి ఆదాయం సగమైతే, ఆ మంచి పని నిలబడుతుందా? మూడింటికీ సరైన జవాబు వస్తే ఆ పన్నుకు మద్దతివ్వవచ్చు. మూడోదానికి జవాబు రాకపోతే, ఆ మంచి పని పేరు పన్నుకు వేసిన తెల్లసున్నం మాత్రమే.

మత్తయి సువార్తలో యూదా విసిరివేసిన ముప్పై వెండి నాణేల సంగతి మనకందరికీ తెలుసు. అది రక్తపు సొమ్ము గనుక కానుకపెట్టెలో వేయకూడదని ప్రధానయాజకులు ఆలోచించారు. పరదేశులను పాతిపెట్టడానికి కుమ్మరివాని పొలం కొన్నారు. పరదేశికి సమాధిస్థలం ఇవ్వడం మంచి పనే. కాని ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళాలో అంత జాగ్రత్తగా ఆలోచించినవారు, అది ఏ పనికోసం తమ చేతినుంచే బయలుదేరిందో ఆలోచించలేదు. ప్రభుత్వాల లెక్కల్లో మనం చూడవలసింది కూడా అదే. ఖర్చు పట్టికలో ఉన్న మంచి పేరు చూసి ఆగిపోకుండా, రాబడి పట్టిక కూడా తెరిచి చూడాలి.

పిల్లల చదువుకు, తల్లుల ఆసరాకు, వృద్ధుల పెన్షనుకు డబ్బు కావాలి. దానికి మోయగలిగినవారి మీద విస్తారంగా, బాహాటంగా పన్ను వేయమని అడగడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. ఆస్తులున్నవారు, పెద్ద ఆదాయాలున్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆ పన్ను మనకూ తగులుతుంది. పేద ఇంటి మగవాడి సీసామీద పడే పన్నుతో పక్కింటి పిల్లవాడి చదువు సాగిపోతే మన చేయి తడవదు. అందుకే ఆ పద్ధతి మనకు హాయిగా అనిపిస్తుందేమో కూడా ఆలోచించుకోవాలి. ముప్పై ఏళ్ళ క్రితం అక్షరాలు దిద్దుకుంటూనే ఈ జిల్లా ఆడవాళ్ళు ఈ లెక్కను తేల్చేశారు. తమ పిల్లల అన్నం తమ భర్తల సారా డబ్బుతో రాకూడదని వాళ్ళన్నారు. ఆ మాటకు తగిన బడ్జెట్టు ఇంకా ఎవరూ రాయలేదు. అది రాయమని అడిగే బాధ్యత ఇప్పుడు మనది.